రివాల్వర్ ఇంట్లోనే ఉండాలి, ఒర కుట్టించడానికి కొయ్య నమూనా పోతే చాలు

లైసెన్సు దొరకడం కష్టమని అందరూ అంటారు. అరుదైన రివాల్వర్ అయితే దానికి సరిపోయే ఒర, అంటే హోల్‌స్టర్, దొరకడం కూడా అంతే కష్టం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు అబ్బా పేరు నుంచి కొడుకు పేరు మీదికి మారిన పాత వెబ్లీ అండ్ స్కాట్ .32 ఉన్నవాళ్లకు ఈ తంటా తెలిసే ఉంటుంది. రెడీమేడ్ ఒరలో అది వదులుగా ఊగుతుంది, లేదంటే సగంలోనే ఇరుక్కుంటుంది. విసుగొచ్చి కుర్తా జేబులో వేసుకుని నికాకో, వలీమాకో బయల్దేరేవాళ్లూ ఉంటారు.

అక్కడే చిక్కు. 2016 ఆయుధాల నియమావళిలో 32వ నియమం ప్రకారం, నలుగురూ తిరిగే చోట చేతి తుపాకీని ఒంటికి తగిలించుకున్న ఒరలో గానీ, బ్యాగులాంటి దాంట్లో గానీ పెట్టుకోవాలి. అది పూర్తిగా కప్పి ఉండాలి, మనిషి అదుపులో ఉండాలి. జేబులో అటూ ఇటూ పొర్లే తుపాకీ ఏ అదుపులో ఉన్నట్టు? ఇక పెళ్లి సంబరంలో గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే, 2019 సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

రెడీమేడ్‌వి ఎందుకు సరిపోవు? ఆన్‌లైన్‌లో దొరికే ఒరలు ఎక్కువగా అమెరికా మోడళ్ల కొలతలకు కుట్టినవి. స్మిత్ అండ్ వెసన్ చిన్న రివాల్వర్లలో చాలావాటికి ఐదు గుళ్లే, సిలిండర్ సన్నం. మన కాన్పూర్ .32కు ఆరు గుళ్లు. పైగా కాన్పూర్ పాత రకం, నిర్భీక్ కూడా వెబ్లీ లాగే నడుము దగ్గర విరిగి తెరుచుకుంటాయి. 2023లో వచ్చిన ప్రబల్‌కు మాత్రం సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. కాబట్టి '.32కు ఒర' అని అడిగితే సరిపోదు, ఏ మోడలో చెప్పాలి. పుంగనూరు ఆవు లాగా చూడ్డానికి పొట్టిదే అయినా దాని కొలత దానిదే.

మంచి తోలు కావాలంటే కుప్పం వాళ్లకు దూరం పోనక్కర్లేదు. రైలెక్కి జోలార్‌పేట దాటితే వాణియంబాడి, ఆంబూరు. తోలు పరిశ్రమకు పేరున్న ఊళ్లు, ఉర్దూ మాటే వినిపించే వీధులు. కానీ అది తమిళనాడు. లైసెన్సు ఆంధ్రప్రదేశ్ వరకే ఉంటే తుపాకీతో సరిహద్దు దాటడం నేరం. సొంత ఊళ్లో అయినా, లైసెన్సు లేని తోలు పనివాడి దగ్గర 'రెండు రోజులు ఉంచుకో భాయ్' అని తుపాకీ వదిలి రావడం ఇద్దరినీ కేసులో ఇరికిస్తుంది.

అందుకే కొయ్య నమూనా. ముందు గుళ్లన్నీ తీసేసి, సిలిండర్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకోవాలి. తుపాకీని అట్ట మీద పడుకోబెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీయాలి. సిలిండర్ మందం, గొట్టం పొడవు, ముందు సైట్ ఎత్తు కొలిచి రాసుకోవాలి. ఆ అట్ట ఇస్తే వడ్రంగి నమూనా చెక్కిస్తాడు. తోలు పనివాడికి అది చాలు.

తోలు విషయంలో చెట్ల చెక్కతో పదును చేసిన గట్టి తోలు అడగండి. ఒకప్పుడు మన వైపు తంగేడు చెక్కతోనే పదును చేసేవారు. సుమారు మూడు మిల్లీమీటర్ల మందం ఉంటే మేలు. దాన్ని తడిపి నమూనా మీద వేళ్లతో నొక్కి, నీడలో ఆరబెడితే ఆకారం నిలుస్తుంది. మెత్తటి చెప్పుల తోలు ఇలా నిలవదు.

ఒర చేతికొచ్చాక ఇంట్లో ఖాళీ రివాల్వర్‌తో చూసుకోండి. ట్రిగ్గర్ పూర్తిగా తోలు కింద ఉండాలి, వేలు దూరే సందు ఉండకూడదు. పిడి మాత్రం చేతి నిండా అందాలి. ముందు సైట్ తోలును గీరుతుంటే లోపల చిన్న గాడి పెట్టించాలి. వెబ్లీ రకానికి ఇంకో జాగ్రత్త: తెరిచే మీట సుత్తి పక్కనే ఉంటుంది, బిగింపు పట్టీ దాని మీద పడకూడదు. తర్వాత పరుపు మీద ఒరను తలకిందులు చేయండి. జారిపడితే వెనక్కి పంపాల్సిందే, ఎంత అందంగా కుట్టినా సరే.

ఇంటికొచ్చాక తుపాకీని ఒరలోనే వదిలేయకండి. తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది, వానాకాలంలో ఇనుము తుప్పు పడుతుంది. తుడిచి, తాళం వేసిన పెట్టెలో, పిల్లలకు అందని చోట పెట్టాలి. గుళ్లు వేరే పెట్టెలో. ఒర ఆకారం చెడకుండా అందులో ఆ కొయ్య నమూనానే ఉంచితే సరి.