మీకు తెలుసా? సైన్యం వేసిన బాటలో సైకిళ్లు

ఇటలీలో అన్నిటికన్నా పెద్ద సరస్సు గార్దా. దాని ఉత్తర కొసన ఉన్న రివా పట్టణం నుంచి లెద్రో లోయకు ఎక్కే పొనాలే దారిని నిలువు కొండను తొలిచి వేశారు. లోయకు చెందిన వ్యాపారి జాకొమో చీస్ పట్టుదలతో అది 1851లో సిద్ధమైంది. మోటారు బళ్లు కొత్త సొరంగానికి మళ్లాక, 2004 నుంచి ఈ పాత దారి పూర్తిగా పాదచారులది, సైకిళ్లది.

ఇంకా పైన త్రెమాల్జో కనుమ. గార్దా నీటిమట్టం సముద్రానికి 65 మీటర్ల ఎత్తున ఉంటే, కనుమ ఎత్తు 1,600 మీటర్లు దాటుతుంది! అక్కడి కంకర బాటను మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ సైన్యం వేసింది. మలుపు మీద మలుపు, నడుమ సొరంగాలు. ఆ రాళ్లు కొట్టినవాళ్ల శ్రమకు చెయ్యెత్తి మొక్కాలి. దిగేటప్పుడు వదులు రాళ్లెక్కువ కాబట్టి గ్రావెల్ సైకిల్‌కు పట్టినంత వెడల్పు టైర్లు వేసుకోవడమే మేలు.

దారిలో లెద్రో సరస్సు దగ్గర తప్పక ఆగాలి. 1929లో జలవిద్యుత్ కేంద్రం కోసం నీళ్లు తగ్గిస్తే, కంచుయుగపు ఇళ్ల గుంజలు వేలల్లో బయటపడ్డాయి. 2011లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కొండరాళ్లు జారిపడితే పొనాలేను మూసేస్తారు. బయల్దేరే ముందు తెరిచి ఉందో లేదో కనుక్కోండి.