గడ్డను లాగే వైద్యం ఉంది... గడువులోగా చేరేదెలా?

బిలాస్‌పూర్: ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన ఈ పట్టణంలో నిమిషం విలువ తెలియని కుటుంబం ఉండదు. బొగ్గు మోసే గూడ్సు బళ్లు, ప్రయాణికుల రైళ్లు, సిబ్బంది డ్యూటీలు అన్నీ గడియారాన్ని బట్టే నడుస్తాయి. అయితే అంతకంటే కఠినమైన గడియారం ఒకటి మనిషి తలలో ఉంది. మెదడుకు రక్తం చేరవేసే పెద్ద ధమని మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని అమెరికా నాడీవైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టారు. ధమనిలో అడ్డుపడిన రక్తపు గడ్డను బయటకు లాగివేసే చికిత్స నిరూపితమై పదేళ్లు దాటింది. ఆ చికిత్స జరిగే చోటికి రోగి వేళకు చేరడమే ఇప్పుడు అసలు సమస్య. బిలాస్‌పూర్ వంటి పట్టణాలకు, వాటి చుట్టూ ఉన్న అటవీ, గని ప్రాంతాలకు ఇది ప్రాణసమస్య.

మందుకు లొంగని గడ్డ

పక్షవాతం ప్రధానంగా రెండు విధాలుగా వస్తుంది. మెదడులో రక్తనాళం చిట్లి రక్తస్రావం జరగడం ఒకటి. రక్తనాళంలో గడ్డ అడ్డుపడి రక్తప్రసారం నిలిచిపోవడం రెండవది. ప్రపంచవ్యాప్తంగా ఏటా సంభవించే సుమారు 1.2 కోట్ల పక్షవాతాలలో దాదాపు మూడింట రెండు వంతులు రెండవ తరహాకు చెందినవే. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను ఈ వ్యాధికి వాడేందుకు అమెరికా ప్రభుత్వం 1996లో అనుమతించింది. సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపల దీనిని ఇవ్వాలి. కాని మెడ నుంచి మెదడులోకి వెళ్లే పెద్ద ధమనిలో పెద్ద గడ్డ చిక్కుకుంటే చాలా సందర్భాలలో ఈ మందు ఒక్కటే చాలదు. రోగిని మంచానికే పరిమితం చేసే తీవ్ర పక్షవాతాలలో అనేకం ఇటువంటివే.

అటువంటి వారికి వైద్యులు గజ్జల వద్ద గాని, మణికట్టు వద్ద గాని ధమనిలోకి సన్నని గొట్టాన్ని ప్రవేశపెడతారు. ఎక్స్‌రే తెరపై చూస్తూ దానిని మెదడులోని ధమని వరకు నడిపిస్తారు. గొట్టం కొస నుంచి వలవంటి చిన్న లోహపు స్టెంటు గడ్డలోకి విచ్చుకుంటుంది. కొద్ది నిమిషాలు ఆగి, గడ్డతో సహా దానిని వెనక్కు లాగుతారు. వెడల్పైన గొట్టంతో గడ్డను పీల్చివేయడం మరో పద్ధతి. పుర్రె తెరవవలసిన అవసరం లేదు. ధమని గాయపడడం, మెదడులో రక్తస్రావం కావడం వంటి ప్రమాదాలు లేకపోలేదు. అందుకే ముందుగా సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని, గడ్డ ఫలానా చోట ఉన్నదని నిర్ధారించుకోవడం తప్పనిసరి.

అపజయం తరువాత ఆమోదం

ఈ విధానానికి గుర్తింపు సులభంగా రాలేదు. గడ్డను లాగే తొలి పరికరానికి అమెరికాలో 2004లో అనుమతి లభించినా, 2013లో వెలువడిన మూడు పరిశోధనలు ఇంజెక్షన్ కంటే ఇది మెరుగని చూపలేకపోయాయి. పాత తరహా పరికరాలు, చికిత్సలో జాప్యం, పెద్ద ధమని మూసుకుపోయిందో లేదో అందరిలోనూ ముందుగా తేల్చుకోకపోవడం ఇందుకు కారణాలని తరువాత భావించారు. 2015 జనవరిలో ప్రచురితమైన నెదర్లాండ్స్ పరిశోధన పరిస్థితిని మార్చివేసింది. 16 ఆస్పత్రులలో 500 మంది రోగులపై జరిగిన ఈ పరిశోధనలో, గడ్డ తీసినవారిలో సుమారు 33 శాతం మంది మూడు నెలలకు తమ పనులు తాము చేసుకోగలిగారు. మామూలు చికిత్స పొందినవారిలో ఇది 19 శాతమే. అదే సంవత్సరం మరో నాలుగు పరిశోధనలు ఇదే విషయాన్ని ధ్రువపరిచాయి. ఈ అయిదింటిలోని 1,287 మంది వివరాలను కలిపి 2016లో పరిశీలించగా, సగటున ఇద్దరు ముగ్గురికి చికిత్స చేస్తే వారిలో ఒకరికి వైకల్యం తగ్గుతున్నట్లు తేలింది.

నిద్రలో వచ్చినా అవకాశం

రైల్వే కుటుంబాలకు ప్రత్యేకంగా వర్తించే అంశం మరొకటి ఉంది. రాత్రి డ్యూటీ ముగించుకుని తెల్లవారుజామున పడుకున్న ఉద్యోగి మధ్యాహ్నం లేచేసరికి కుడి చేయి, కుడి కాలు కదలడం లేదనుకుందాం. పక్షవాతం ఏ క్షణాన వచ్చిందో చెప్పగలవారు ఉండరు. అటువంటప్పుడు మనిషి చివరిసారి బాగున్న సమయం నుంచే వైద్యులు లెక్క కడతారు. ఒకప్పుడు ఇటువంటి రోగులకు గడువు మించిపోయిందనే భావించేవారు. 2018లో ప్రచురితమైన రెండు పరిశోధనలు ఈ అభిప్రాయాన్ని సవరించాయి. మెదడులో ఇంకా కాపాడదగిన భాగం మిగిలి ఉందని స్కానింగులో తేలిన రోగులకు 16 గంటల వరకు, కొందరికి 24 గంటల వరకు కూడా గడ్డ తీయడం మేలు చేస్తుందని అవి చూపాయి. అంతమాత్రాన తీరిగ్గా బయలుదేరవచ్చునని కాదు. ఎంత ఆలస్యమైతే అంత నష్టమన్న సూత్రం మారలేదు.

దూరమే శత్రువు

బిలాస్‌పూర్‌లో వైద్య సంస్థలకు కొరత లేదు. రైల్వే ఆస్పత్రి, 2001లో నెలకొన్న ఛత్తీస్‌గఢ్ వైద్య విజ్ఞాన సంస్థ, అపోలో ఆస్పత్రి ఉన్నాయి. ప్రభుత్వ వైద్య కళాశాల సూపర్ స్పెషాలిటీ విభాగాన్ని ప్రధాని నరేంద్ర మోదీ 2024 అక్టోబరు 29న ప్రారంభించారు. సుమారు 110 కిలోమీటర్ల దూరంలోని రాయ్‌పూర్‌లో ఎయిమ్స్ ఉంది. కాని పెండ్రా రోడ్డులో పనిచేసే సిబ్బందికి బిలాస్‌పూర్ చేరడానికే వంద కిలోమీటర్ల ప్రయాణం. కోర్బా బొగ్గు గనుల కార్మికులదీ ఇంచుమించు ఇదే పరిస్థితి.

కొన్ని తరాలుగా ఇక్కడి రైల్వేలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కష్టకాలంలో సొంత ప్రాంతం గుర్తుకు రావడం సహజం. రాయ్‌పూర్-విజయనగరం మార్గం 1931లోనే పూర్తయింది. కోర్బా-విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ఈ పట్టణం మీదుగానే వెళుతుంది. కాని అది రాత్రంతా సాగే ప్రయాణం. మిగిలిన ఏ జబ్బుకైనా పనికిరావచ్చు గాని పక్షవాతానికి ఆ మార్గం పనికిరాదు.

మరి రోగిని దగ్గరి ఆస్పత్రికి తీసుకువెళ్లాలా, గడ్డ తీసే సదుపాయమున్న దూరపు ఆస్పత్రికి నేరుగా తరలించాలా? స్పెయిన్‌లోని కాటలోనియాలో నగరాలకు దూరంగా ఉన్న 1,401 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2022లో వెలువడ్డాయి. రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే అక్కడి స్థానిక ఆస్పత్రులలో స్కానింగు, ఇంజెక్షన్, వెంటనే పెద్ద ఆస్పత్రికి తరలించే ఏర్పాటు పకడ్బందీగా ఉన్నాయి. ఆ గొలుసులో ఏ లంకె తెగినా రోగి నష్టపోతాడు. అస్సాంలో భారత వైద్య పరిశోధన మండలి స్కానింగు యంత్రంతో కూడిన వాహనాన్నే రోగి వద్దకు పంపే ప్రయోగం చేపట్టడం ఈ కారణంగానే.

ఖర్చు మాటేమిటి?

ఈ చికిత్సకు లక్షల రూపాయలు ఖర్చవుతాయి. శిక్షణ పొందిన వైద్యులు రాత్రింబవళ్లు అందుబాటులో ఉండాలి. ప్రపంచవ్యాప్తంగా అర్హులైన రోగులలో 3 శాతంలోపు మందికే ఇది అందుతున్నదని అరవైకి పైగా దేశాలను పరిశీలించిన 2023 నాటి అధ్యయనం తేల్చింది. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకం కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్య రక్షణ కల్పిస్తోంది. మెదడు ధమనుల నుంచి గడ్డ తొలగించే చికిత్సకు దాని జాబితాలో చోటుంది. ఖర్చు భరించే పథకం ఉన్నా, రోగి ఆరు గంటలు ఇంటి వద్దనే గడిపితే దాని వల్ల ఒరిగేది స్వల్పం.

కుటుంబ సభ్యులు చేయవలసింది కొద్దిగానే ఉంది. ముఖం ఒక పక్కకు వంకరపోయినా, ఒక చేయి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కు ఫోను చేయాలి. రోగి చివరిసారి బాగున్న సమయాన్ని కాగితంపై రాసి వెంట తీసుకువెళ్లాలి. నోటి ద్వారా నీరు గాని, ఆహారం గాని ఇవ్వరాదు. రక్తస్రావం లేదని స్కానింగులో తేలకుండా ఆస్పిరిన్ వేయరాదు. తైలమర్దనల కోసం ఆగరాదు. స్కానింగు, గడ్డ తీసే చికిత్స రాత్రివేళ ఏ ఆస్పత్రిలో దొరుకుతాయో రైల్వే కాలనీలలో, గని కార్మికుల బస్తీలలో ముందుగానే ప్రకటించడం అధికారులకు పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. రైళ్ల రాకపోకల పట్టికను ప్రతి స్టేషనులో గోడకు తగిలించే ఊరిలో ఈ పట్టిక కూడా ఉండాలి.