మీకు తెలుసా? వీడియో చూసినంత మాత్రాన కంప్యూటర్ చేజారేది!

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌తో భద్రత లేదని ఒకప్పుడు చాలామంది ఫైర్‌ఫాక్స్‌కి మారారు. సరిగ్గా అలా మారినవాళ్లకే ముప్పు తెచ్చే లోపం ఒకటి ఉండేదని తెలుసా? 2006 ఫిబ్రవరి 14న మైక్రోసాఫ్ట్ దానికి సవరణ విడుదల చేసింది. లోపం ఫైర్‌ఫాక్స్‌ది కాదు, అందులో వీడియోలు ఆడించే విండోస్ మీడియా ప్లేయర్ ప్లగిన్‌ది. వీడియో ఎక్కడుందో చెప్పే చిరునామాను వెబ్ పేజీలో కావాలనే విపరీతమైన పొడవుతో రాస్తే చాలు, ప్లగిన్ తడబడి కంప్యూటర్ పగ్గాలు అవతలివాడికి అప్పగించేది. మైక్రోసాఫ్ట్ సొంత బ్రౌజర్ ఎక్స్‌ప్లోరర్ ఈ ప్లగిన్‌ను వాడేది కాదు కాబట్టి అక్కడ ఈ బెడదే లేదు.

ప్లగిన్లకు అంత అధికారం ఎక్కడిది? తొంభైల నడుమ బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ వేసిన పద్ధతిలోనే ఉంది. అప్పటి బ్రౌజర్‌కు అక్షరాలు, బొమ్మలు చూపించడం వచ్చు గానీ వీడియో రాదు. అందుకని బయటి కంపెనీలు రాసిన ప్రోగ్రాములు బ్రౌజర్‌లోకే వచ్చి పనిచేసే వీలు కల్పించారు. క్విక్‌టైమ్, రియల్‌ప్లేయర్, ఫ్లాష్ అన్నీ అలా వచ్చినవే. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి ఏయే హక్కులున్నాయో ప్లగిన్‌కీ అవన్నీ ఉండేవి. ఫైళ్లు చదవొచ్చు, చెరిపేయొచ్చు, కొత్త ప్రోగ్రాములు ఎక్కించొచ్చు. ఒక గది అద్దెకిచ్చి ఇంటి తాళాల గుత్తి మొత్తం చేతిలో పెట్టినట్టన్నమాట.

వీడియో ఫైలుతోనే ఎందుకింత చిక్కు? ఆ ఫైలు తన కొలతలు తానే చెప్పుకుంటుంది. తర్వాత వచ్చే ముక్క ఇన్ని బైట్లు, చిత్రం వెడల్పు ఇంత, ధ్వని ఈ పద్ధతిలో ఉంది అని ముందే రాసి ఉంటుంది. ప్లేయర్ ఆ లెక్క ప్రకారం మెమరీలో చోటు తీసిపెడుతుంది. దుర్మార్గుడు తయారుచేసిన ఫైలు వంద బైట్లని చెప్పి వెయ్యి పంపితే, మిగతా తొమ్మిది వందలు పక్కనున్న మెమరీ మీద పడతాయి. అక్కడ ప్రోగ్రాము తర్వాత ఏ పని చేయాలో చెప్పే సమాచారం ఉంటే, దాని స్థానంలో వాడి ఆదేశం వచ్చి కూర్చుంటుంది. చూసేవాళ్లకు తెరమీద ఏ తేడా కనిపించకపోవచ్చు. వేగం కోసం ఈ ప్లేయర్లను సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో రాసేవారు. మెమరీ హద్దులు చూసుకునే భారాన్ని ఆ భాషలు రాసేవాడి మీదే వదిలేస్తాయి. లక్షల వరుసల్లో ఒక్కచోట ఏమరినా చాలు.

2007 ఏప్రిల్‌లో కెనడాలోని వాంకూవర్‌లో కాన్‌సెక్‌వెస్ట్ సదస్సు నిర్వాహకులు ఒక పోటీ పెట్టారు. మ్యాక్‌బుక్‌లోకి చొరబడగలిగినవాళ్లదే ఆ మ్యాక్‌బుక్. ప్వన్2ఓన్ పేరుతో ఇప్పటికీ జరుగుతున్న పోటీలకు అదే మొదలు. తొలిరోజు ఎవరివల్లా కాలేదు. పంపిన లింకును బ్రౌజర్‌లో తెరుస్తామని నియమం సడలించాక, న్యూయార్క్‌లో ఉన్న డినో డై జోవి ఒక్క రాత్రిలో దారి కనిపెట్టాడు. సదస్సులో ఉన్న ఆయన మిత్రుడు షేన్ మెకాలే దాన్ని నడిపించి చూపాడు. మొదట అందరూ సఫారీ బ్రౌజర్‌ను తప్పుపట్టారు. తీరా చూస్తే లోపం క్విక్‌టైమ్‌ది. జావా పనిచేసే బ్రౌజర్ ఏదైనా సరే, విండోస్‌లో కూడా, క్విక్‌టైమ్ ఉంటే అదే గతి!

ప్లగిన్ బ్రౌజర్ గడప దాటదని అనుకుంటున్నారా? 2011 మార్చిలో ఆర్ఎస్ఏ మీద జరిగిన దాడి చూడండి. బ్యాంకులూ రక్షణ సంస్థలూ లాగిన్‌కు వాడే సెక్యూర్ఐడీ టోకెన్లు తయారుచేసే కంపెనీ అది. కొద్దిమంది ఉద్యోగులకు ‘2011 నియామకాల ప్రణాళిక’ అన్న అర్థం వచ్చే పేరుతో ఒక ఎక్సెల్ ఫైలు మెయిల్‌లో వచ్చింది. స్పామ్‌లో పడినదాన్ని ఒక ఉద్యోగి బయటికి తీసి తెరిచారు. ఆ ఎక్సెల్‌లో ఒక ఫ్లాష్ ముక్క దాగి ఉంది. అది వాడుకున్న లోపానికి ఫ్లాష్ తయారీదారు అడోబీ దగ్గర అప్పటికి మందే లేదు. ఆ దారిలో వచ్చినవాళ్లు టోకెన్లకు సంబంధించిన సమాచారం పట్టుకుపోయారు. మాతృసంస్థ ఈఎంసీకి అయిన ఖర్చు 6.6 కోట్ల డాలర్లు. ఇలాంటివి జరిగినప్పుడల్లా ‘ఎందుకు తెరిచావు’ అని ఉద్యోగినే నిలదీస్తారు. లెక్కలు వేసుకునే ఫైలులో వీడియో ప్లగిన్‌ను నడవనిచ్చింది ఎవరని అడగాలి ముందు.

ఈ లోపాలకు అంగడి ఉందన్న సంగతి 2015 జులైలో లోకమంతటికీ తెలిసింది. అప్పట్లో ప్రభుత్వాలకు నిఘా సాఫ్ట్‌వేర్ అమ్మిన ఇటలీ కంపెనీ హ్యాకింగ్ టీమ్ మీదే ఎవరో దాడిచేసి, సుమారు 400 గిగాబైట్ల సమాచారం బయట పడేశారు. అందులో అడోబీకి తెలియని ఫ్లాష్ లోపాలు బయటపడ్డాయి. సవరణలు వచ్చేలోపే నేరగాళ్లు వాటిని తమ పనిముట్లలో చేర్చేసుకున్నారు. మొజిల్లా ఆ నెలలోనే ఫైర్‌ఫాక్స్‌లో ఫ్లాష్‌ను తాత్కాలికంగా ఆపేసింది. ఫ్లాష్‌కు ముగింపు తేదీ ప్రకటించాలని అప్పటి ఫేస్‌బుక్ భద్రతాధికారి అలెక్స్ స్టామోస్ బహిరంగంగా కోరాడు.

హ్యాకింగ్ టీమ్ నుంచి బయటపడ్డ మెయిళ్ల కుప్పలోనే ఇంకో ఆనవాలు దొరికింది. ఫ్లాష్ లోపాలు అమ్మిన ఒక వ్యక్తి, మైక్రోసాఫ్ట్ సిల్వర్‌లైట్ ప్లగిన్‌లోనూ తన దగ్గర ఒకటుందని హ్యాకింగ్ టీమ్‌కు రాశాడు. అదేమిటో మెయిల్‌లో లేదు. భద్రతా సంస్థ కాస్పర్‌స్కీ పరిశోధకులు అతడు అంతకుముందు ప్రచురించిన కోడ్ వెతికి, అతడు రాసే తీరును పట్టుకుని ఒక వల పన్నారు. నెలల తర్వాత, 2015 నవంబరులో, ఎవరిదో కంప్యూటర్‌లో ఆ వలకు ఒక ఫైలు చిక్కింది. 2016 జనవరి 12న మైక్రోసాఫ్ట్ ఆ లోపాన్ని పూడ్చింది. ఒక్క వాక్యం ఆధారంగా, రాతను బట్టి మనిషి జాడ తీసిన ఈ పని నాకు అమితంగా నచ్చుతుంది.

2016 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ సైబర్ విభాగం విండోస్ వాడేవాళ్లకు ఏం చెప్పిందో తెలుసా? క్విక్‌టైమ్‌ను తీసేయమని! రెండు లోపాలు బయటపడ్డాయి, ఆపిల్ మాత్రం విండోస్ క్విక్‌టైమ్‌కు సవరణలు ఇవ్వడం మానుకుంది.

ఫ్లాష్ 2020 డిసెంబరు 31న ముగిసింది. 2021 జనవరి 12 నుంచి, తేదీ చూసుకుని తనంతట తానే ఆడనని మొరాయించేలా దాన్ని ముందే రాసిపెట్టారు. కాబట్టి ఇంట్లోని కంప్యూటర్‌లో ఎప్పుడైనా ‘ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ చేయండి’ అని కనిపిస్తే అది మోసమే, నొక్కకండి. ఈ వేషం పాతదే: 2011లో మ్యాక్‌ల మీదికి వచ్చిన ఫ్లాష్‌బ్యాక్ మాల్వేర్ మొదట ఫ్లాష్ ఇన్‌స్టాలర్ రూపంలోనే దిగింది. మరుసటి ఏడు జావా లోపాన్ని పట్టుకుని సుమారు 6 లక్షల మ్యాక్‌లకు పాకింది. ఇక పాత ఫ్లాష్ ఆటలు, బొమ్మలు చూడాలనిపిస్తే రఫుల్ అనే ఎమ్యులేటర్ ఉంది. మెమరీ హద్దులు తానే కాపాడే రస్ట్ భాషలో రాశారు దాన్ని. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాడుతున్నది అదే.

ఇప్పుడు వీడియో ఆడించే పని బ్రౌజరే చేసుకుంటోంది, అదీ శాండ్‌బాక్స్ అనే కట్టడి లోపల. అయినా 2023 సెప్టెంబరులో, వీడియోను కుదించి విప్పే లిబ్‌వీపీఎక్స్ లైబ్రరీలో మెమరీ పొంగిపొర్లే లోపమే మళ్లీ దొరికింది. నిఘా సాఫ్ట్‌వేర్ వ్యాపారి ఒకరు అప్పటికే దాన్ని వాడుకుంటున్నట్టు గూగుల్ పరిశోధకులు గుర్తించారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండింటికీ ఆ నెలలోనే సవరణలు వచ్చాయి. ఇలాంటి సవరణ దానంతటదే కంప్యూటర్‌లోకి దిగుతుంది గానీ, బ్రౌజర్‌ను మూసి మళ్లీ తెరిచేదాకా పనిచేయడం మొదలుపెట్టదు. రోజుల తరబడి ట్యాబ్‌లు తెరిచే ఉంచేవాళ్లు ఇవాళ ఒకసారి మూసి తెరవండి.