వయొలిన్ తీగలు: ధర కన్నా ముందు శ్రుతి చూడండి

త్యాగరాజ ఆరాధన దగ్గర పడుతుంటే మన సంగీత తరగతి తల్లిదండ్రుల నుంచి మాకు వచ్చే ప్రశ్న ఏటా ఒకటే. "వయొలిన్ తీగలు మార్చాలా? మారిస్తే ఏవి కొనాలి?" ఈ ఏడాది ఒకరు దుకాణానికి వెళ్తే వంద డాలర్లు దాటిన సెట్టు చేతిలో పెట్టారట. వాళ్ళ పాప ఇంకా జంట స్వరాల్లోనే ఉంది. ఇంకొకరు ఆన్‌లైన్‌లో అయిదు డాలర్లకే సెట్టు దొరికిందని సంతోషించారు. రెండు వారాల్లో దాని మీద చుట్టిన సన్న రేకు ఊడి పిల్లవాడి వేలికి గుచ్చుకుంది. ఈ రెండింటికీ మధ్య మంచి దారి ఉంది. మేము విద్వాంసులం కాము. దాతలు ఇచ్చిన వయొలిన్లకు తీగలు మార్చి, శ్రుతి చేసి పిల్లలకు అందించే వాలంటీర్లం. ఆ పనిలో తెలుసుకున్నదీ, గురువుగారిని అడిగి రూఢి చేసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాం.

ముందు, తీగలు మార్చాలో వద్దో ఎలా తెలుస్తుంది?

ఇంట్లో అపస్వరం వినబడితే మనం ముందు అనుమానించేది పిల్లల వేళ్ళనే. "సరిగ్గా సాధన చెయ్యడం లేదు" అంటాం. కానీ పాతబడిన తీగ నిజంగానే అబద్ధం చెబుతుంది. తీగ నిడివంతా ఒకే బరువుతో ఉన్నప్పుడే స్వరం శుద్ధంగా పలుకుతుంది. చెమట, రోజిన్ పొడి, వేళ్ళ రాపిడి వల్ల ఒకచోట అరిగి మరోచోట బరువెక్కిన తీగ ఖాళీగా మీటినప్పుడు శ్రుతిలోనే ఉంటుంది, వేలు పెట్టగానే పక్కకు జరుగుతుంది. మన సంగీతంలో గమకాల కోసం వేళ్ళు తీగ మీద పైకీ కిందికీ జారుతూనే ఉంటాయి కాబట్టి ఆ రాపిడి మరీ ఎక్కువ. పిల్ల రోజూ సరైన చోటే వేలు పెడుతున్నా తప్పు స్వరమే వస్తుంటే, కొన్నాళ్ళకు తన చెవినే నమ్మడం మానేస్తుంది. మాకు భయం దానికే. "నాకు రావట్లేదు" అని మానేసిన పిల్లల్లో ఎందరికి నిజంగా రాలేదో, ఎందరి వయొలిన్ మీద మూడేళ్ళ నాటి తీగలు ఉన్నాయో ఎవరు లెక్క చూశారు?

ఇంట్లోనే చెయ్యగల పరీక్ష ఒకటుంది. పక్కపక్క తీగలు రెండింటినీ స, ప లకు చక్కగా కలపండి. తర్వాత ఒకే వేలిని రెండిటి మీదా అడ్డంగా, తిన్నగా నొక్కి కమానుతో రెండిటినీ కలిపి పలికించమనండి. ఖాళీగా కలిసినవి వేలు పెట్టాక కలవకపోతే, రెండు మూడు చోట్ల అలాగే జరిగితే, అనుమానించాల్సింది తీగనే. కంటికి కనబడే గుర్తులూ ఉన్నాయి: మొదటి తీగ మీద తుప్పు చుక్కలు, చుట్టు రేకు వదులవడం, వేళ్ళు పడేచోట నల్లగా మారడం. రోజుకు అరగంట, గంట సాధన చేసే పిల్లలకు మామూలుగా ఏడాదికి ఒకసారి సెట్టు మార్చాలి. అన్నిటికన్నా సన్నగా ఉండే మొదటి తీగ అంతకన్నా ముందే పోతుంది. అది విడిగా దొరుకుతుంది కాబట్టి దానికోసం సెట్టంతా కొనక్కర్లేదు.

ఇక అసలు సంగతి. దుకాణాల్లో దొరికే వయొలిన్ తీగలు పాశ్చాత్య పద్ధతి కోసం చేసినవి. నాలుగో తీగ జి, మూడోది డి, రెండోది ఎ, మొదటిది ఇ. తయారీదారు తీగ మందం, బరువు అన్నీ ఆ నాలుగు స్వరాలకు సరిపోయేలా లెక్క వేసుకుంటాడు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఈ వాద్యాన్ని మన సంగీతంలోకి తెచ్చారని చెబుతారు. విజయనగరం సంగీత కళాశాలలో పాఠం చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కాలానికి అది పూర్తిగా మన ఇంటి వాద్యమైపోయింది. అయితే మనం దాన్ని స-ప-స-ప గా కలుపుకుంటాం: నాలుగు, మూడు తీగలు మంద్ర స్థాయి షడ్జ పంచమాలు, రెండు, ఒకటి తీగలు మధ్య స్థాయి షడ్జ పంచమాలు. షడ్జం ఎక్కడన్నది పాడేవారి గొంతును బట్టి ఉంటుంది. పెట్టె మీద ఆ సంగతి ఉండదు, అమ్మేవారికీ తెలియదు. అందుకే దుకాణానికి వెళ్ళే ముందు గురువుగారిని అడగాల్సింది కంపెనీ పేరు కాదు, మీ పిల్లలు ఏ శ్రుతిలో వాయిస్తున్నారన్నది.

ఇంటర్ ఫిజిక్స్‌లో చదువుకున్నదే: తీగ పొడవు, బరువు మారకపోతే బిగువు పౌనఃపున్యం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే శ్రుతి కొంచెం మార్చినా బిగువు చాలా మారుతుంది. హార్మోనియం మీద నల్లవీ తెల్లవీ కలిపి లెక్కపెడితే, రెండు మెట్లు దించిన తీగ బిగువు దాదాపు 21 శాతం తగ్గుతుంది, రెండు మెట్లు పెంచితే 26 శాతం పెరుగుతుంది. అయిదు మెట్లు దించితే 44 శాతం పోతుంది. ఏడు మెట్లు దించితే మిగిలేది సగం కన్నా తక్కువ.

దీన్ని మన పిల్లలకు అన్వయిద్దాం. మన తరగతిలో ఎక్కువమంది వాయించేది అయిదో శ్రుతి, అంటే జి. అప్పుడు నాలుగు, మూడు తీగలు తయారీదారు అనుకున్నచోటే ఉంటాయి. రెండు, ఒకటి తీగలు రెండేసి మెట్లు దిగుతాయి. ఇది మామూలు మీడియం సెట్టుతో హాయిగా నడిచిపోతుంది. అయిదున్నరకైతే కింది రెండూ ఒక మెట్టు ఎక్కుతాయి, పై రెండూ ఒక మెట్టు దిగుతాయి. దానికీ బెంగ లేదు. ఆరో శ్రుతి దగ్గర కాస్త జాగ్రత్త కావాలి. ఎ షడ్జమైతే రెండు, ఒకటి తీగలు సరిగ్గా కుదురుతాయి, మూడు, నాలుగు మాత్రం రెండేసి మెట్లు పైకి పోతాయి. బిరడా తిప్పుతుంటే టప్పున తెగేది ఎక్కువగా ఇక్కడే. ఆ రెండిటికీ లైట్ రకం దొరికితే అదే తీసుకోండి. జర్మన్, ఆస్ట్రియన్ పెట్టెల మీద లైట్‌ను వైచ్ అనీ, మీడియంను మిట్టెల్ అనీ, హెవీని ష్టార్క్ అనీ రాస్తారు.

గొంతు మారిన మగపిల్లలది వేరే కథ. రెండో శ్రుతిలో, అంటే డి షడ్జంగా కలిపితే మామూలు సెట్టులో కింది తీగలు అయిదేసి, పై తీగలు ఏడేసి మెట్లు దిగిపోతాయి. తీగలు బట్టలు ఆరేసే తాడులా వేలాడతాయి. కమాను గట్టిగా ఆనిస్తే శ్రుతి పైకి తూలుతుంది, మెల్లగా ఆనిస్తే పలకదు. ఎంత ఖరీదైన సెట్టు కొన్నా ఇదే గతి. లెక్క వేసి చూస్తే దీనికి చవకైన ఉపాయం ఒకటి కనబడుతుంది. తీగలన్నిటినీ ఒక స్థానం జరపడమే: మొదటి స్థానంలో ఎ, రెండోదానిలో డి, మూడోదానిలో జి, నాలుగోదానిలో సి తీగ. అయిదు తీగల ఫిడేళ్ళ కోసం వయొలిన్ పొడవుకే చేసిన సి తీగలు విడిగా అమ్ముతారు. ఇలా కడితే రెండో శ్రుతికి పై రెండూ అచ్చంగా కుదురుతాయి, కింది రెండూ రెండేసి మెట్లు ఎక్కుతాయి. ఒకటో శ్రుతికైతే కింది రెండూ అచ్చంగా కుదిరి, పై రెండూ రెండేసి మెట్లు దిగుతాయి. కాకపోతే ఆ తీగలు లావు. బ్రిడ్జి మీది గాడి, మెడ చివర నట్ అనే చిన్న దిమ్మ మీది గాడి వెడల్పు చెయ్యాల్సి రావచ్చు. అది వయొలిన్ మరమ్మతు తెలిసినవారు చెయ్యాల్సిన పని, ఇంట్లో ఆకురాయితో ప్రయత్నించవద్దు. గురువుగారు సరేనన్నాకే ఈ మార్పు చెయ్యండి.

శ్రుతి తేలాక రకం, ధర చూద్దాం. మొదటి రకం ఉక్కు తీగలు. కట్టిన రోజు నుంచే శ్రుతి నిలుస్తాయి, తొందరగా పాడవవు, శబ్దం కొంచెం పదునుగా ఉంటుంది. డడారియో ప్రెల్యూడ్ ఈ రకం, ఈ మధ్య మేము చూసినప్పుడు సెట్టు 20 డాలర్లకు అటూ ఇటూ ఉంది. చిన్న సైజుల్లోనూ దొరుకుతుంది. సరళీ స్వరాల నుంచి గీతాల దాకా, ఆ మాటకొస్తే మొదటి వర్ణాల దాకా, ఇది చాలు. రెండో రకం లోపల నైలాన్ వంటి దారం, పైన లోహపు చుట్టు ఉన్నవి. శబ్దం మెత్తగా, నిండుగా ఉంటుంది. కట్టాక నాలుగైదు రోజులు సాగుతూనే ఉంటాయి, కచేరీకి ముందురోజు మాత్రం కట్టకండి. పిరాస్ట్రో టోనికా 40 డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది. కీర్తనలు మొదలైన పిల్లలకు మా ఓటు దానికే. వియన్నాలో తోమాస్టిక్ ఇన్‌ఫెల్డ్ వాళ్ళు చేసే డామినెంట్ 1970లో వచ్చింది, ఇప్పటికీ పేరున్నదే. 60 నుంచి 80 డాలర్లు పెట్టాలి. అంతకు మించినవి ఇప్పుడే వద్దు. రెండు వందల డాలర్ల వయొలిన్ మీద వంద డాలర్ల తీగలు కడితే వయొలిన్ మారిపోదు. మొదటి తీగ ఒక్కటే కావాలంటే లెంజ్నర్ గోల్డ్‌బ్రోకట్ కొద్ది డాలర్లలోనే వస్తుంది. పెద్ద కళాకారులు కూడా వాడే తీగ అది. రెండు తెచ్చి ఒకటి పెట్టెలో ఉంచుకోండి.

మన కుటుంబాల్లో కొందరు మెల్లగా అడిగే ప్రశ్న మరొకటి ఉంది. తీగలు జంతువుల పేగులతో చేస్తారట కదా, గుడిలో వాయించవచ్చా అని. గట్ అన్న పేరుతో అమ్మేవి నిజంగానే గొర్రె పేగులతో చేసినవే. పైన చెప్పిన ఉక్కు, నైలాన్ రకాలలో ఆ పేగు ఉండదు. కమానుకు ఉండేది మాత్రం గుర్రపు తోక వెంట్రుకే, అది దాచాల్సిన సంగతేమీ కాదు.

కొనేటప్పుడు రెండు చిన్న విషయాలు సరిచూసుకోండి. ఒకటి సైజు. వయొలిన్ లోపల అంటించిన చీటీ మీద 1/2, 3/4, 4/4 అని ఉంటుంది. లేకపోతే మెడ వదిలేసి వెనక చెక్క కొలవండి, దాదాపు 14 అంగుళాలుంటే పూర్తి సైజు. రెండోది మొదటి తీగ చివర. అది గుండుతోనూ వస్తుంది, ఉత్త ముడితోనూ వస్తుంది. మీ ఫైన్ ట్యూనర్‌కు రెండు పళ్ళుంటే గుండున్నది, ఒకే కొక్కెం ఉంటే ముడిది. ఆర్డరు చేసేముందు ఫోనుతో ఒక ఫొటో తీసి పెట్టుకుంటే గొడవ ఉండదు.

కట్టేటప్పుడు నాలుగు తీగలూ ఒకేసారి విప్పకండి. ఇదొక్కటీ గుర్తుంటే మిగతావి మరిచినా ఫరవాలేదు. మామూలు శ్రుతిలో నాలుగు తీగలూ కలిపి 20 కిలోలకు పైగా బిగువుతో లాగుతుంటాయి. బ్రిడ్జిని ఆ బిగువే నిలబెడుతుంది, జిగురు కాదు. లోపల సౌండ్ పోస్ట్ అనే చిన్న కర్రపుల్లనూ అంటించరు, పై చెక్కకూ కింది చెక్కకూ మధ్య బిగిసి నిలబడి ఉంటుంది. అన్నీ విప్పితే బ్రిడ్జి పడుతుంది, పుల్ల కూడా పడిందంటే మరమ్మతుకు తీసుకెళ్ళాల్సిందే. ఒకటి విప్పి, కొత్తది కట్టి, శ్రుతికి కాస్త దగ్గరగా తెచ్చాకే రెండోదాని జోలికి వెళ్ళండి. గాళ్ళలో పెన్సిల్ ముక్కు రుద్దితే తీగ సాఫీగా జారుతుంది. బిగిస్తున్నకొద్దీ బ్రిడ్జి మెడ వైపు వాలుతుంది. తోక వైపు ముఖం పై చెక్కకు నిటారుగా ఉందో లేదో చూసి, వాలితే రెండు చేతులతో మెల్లగా వెనక్కి జరపండి.

చలికాలంలో ఇంట్లో హీటరు నడిచినన్నాళ్ళూ గాలి పొడిబారి బిరడాలు వదులవుతాయి. పొద్దున్నే పెట్టె తెరిస్తే తీగలన్నీ జారిపోయి ఉంటాయి. తీగ పోయిందనుకోకండి. బిరడాను లోపలికి నొక్కుతూ తిప్పితే నిలుస్తుంది. సాధన అయ్యాక పొడిగుడ్డతో తీగలు తుడవడం అలవాటు చెయ్యండి. గమకం జారడానికి వేళ్ళకు కొబ్బరినూనె రాసుకునేవారు ఇది తప్పకుండా చెయ్యాలి. స్పిరిట్‌తో తుడవవద్దు, ఒక చుక్క పడినా చెక్క మీది వార్నిష్ లేస్తుంది.

ఆరాధన కోసం తరగతి వారందరికీ కలిపి ఒకే ఆర్డరు పెడదామనుకుంటున్నాం. కావలసినవారు వయొలిన్ సైజు, గురువుగారు చెప్పిన శ్రుతి, ఫైన్ ట్యూనర్ ఫొటో సంగీత తరగతి వాలంటీర్లకు పంపండి. తీగలు వచ్చాక తరగతికి గంట ముందు వస్తే మేమే కట్టిపెడతాం. పిల్లలను కూడా వెంట తీసుకురండి, రెండో తీగ నుంచి వాళ్ళ చేతే కట్టిస్తాం. విప్పిన పాత తీగల్లో తుప్పు పట్టనివి చుట్టి, ఏ తీగో కాగితం మీద రాసి, వయొలిన్ పెట్టె జేబులో ఉంచండి. గుడి మంటపంలో పాట మధ్యలో తీగ తెగితే అప్పటికి అవే దిక్కు.