తెలిసిన జవాబే తప్పయితే...

ఉర్దూ నేర్పేటప్పుడు నుక్తా దగ్గర మేము పిల్లల్ని పదేపదే హెచ్చరిస్తుంటాం. చుక్క పైన పెడితే ‘ఖుదా’. అదే చుక్క కింద పడితే ‘జుదా’, అంటే వేరైపోవడం. పోటీ పరీక్షల్లోనూ చుక్కంత పొరపాటు ఏడాది శ్రమను తారుమారు చేస్తుంది.

“జవాబు తెలుసు, తొందరలో తప్పు పెట్టాను” అని పిల్లలు అంటే పెద్దలు “పోనీలే” అని ఊరుకుంటారు. ఆ పొరపాటు ఖరీదెంతో లెక్క చూద్దాం. 2025 నీట్‌లో 180 నిమిషాలకు 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఒప్పుకు 4 వస్తాయి, తప్పుకు 1 పోతుంది. అంటే తెలిసిన జవాబు తప్పుగా పెడితే నష్టం 4 కాదు, 5. అలాంటివి పది జరిగితే 50 మార్కులు! మగపిల్లవాడైతే మరో ఏడాది కోచింగ్‌కు పంపుతారు. అమ్మాయికి మాత్రం “ఇక చదువు చాలు” అనే ఇళ్లు మనలో ఇంకా ఉన్నాయి.

ఈ పొరపాట్లు ఎక్కడ జరుగుతాయి? మొదటిది, ప్రశ్న సగం చదవడం. ‘సరికానిది ఏది?’ అని అడిగితే సరైనదాన్ని గుర్తిస్తారు. ‘కానిది’, ‘తప్ప’ వంటి మాటల కింద గీత గీయాలి. లెక్కల్లో సెంటీమీటర్లో, మీటర్లో చివర మరోసారి చూడాలి.

రెండవది, ఓఎంఆర్ పత్రం. ఒక ప్రశ్న వదిలేసి తరువాతి జవాబును దాని వరుసలో నింపితే అక్కడి నుంచి అన్నీ తప్పుతాయి. నింపే ముందు ప్రశ్న సంఖ్య చూసుకోవాలి. బాల్ పెన్నుతో నింపింది మార్చలేం. రెండు వృత్తాలు నింపితే తప్పు కిందే లెక్క.

మూడవది, భాష. నీట్‌లో తెలుగు, ఉర్దూ ఎంచుకున్నవారికి పక్కనే ఇంగ్లీషు ప్రశ్న కూడా ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషే ప్రమాణం. సందేహం కలిగితే అటు కూడా చూడాలి.

2025లో ఏపీ, తెలంగాణ ఈఏపీసెట్‌లు కంప్యూటర్‌పై జరిగాయి. 160 ప్రశ్నలు, తప్పుకు కోత లేదు. అక్కడ ఖాళీగా వదలడమే పొరపాటు. జవాబు నొక్కాక ‘సేవ్’ చేయడం మరవకూడదు.

నమూనా పరీక్ష రాసిన ప్రతిసారీ నోటుపుస్తకంలో రెండు వరుసలు గీయించండి. ఒకదానిలో తెలియక పోయిన మార్కులు, రెండవదానిలో తెలిసీ పోయినవి. మొదటిదానికి మందు చదువు, రెండవదానికి సాధన. తల్లిదండ్రులు “ఎన్ని మార్కులు వచ్చాయి?” అని గద్దించడం మాని, “రెండో వరుస తగ్గిందా?” అని అడగాలి. ఈ మాట అడగడానికి పెద్ద చదువులు అక్కరలేదు. అడిగే తీరిక ఉంటే చాలు.