భూసార పరీక్ష డేటాబేసులో స్టోర్డ్ ప్రొసీజర్లు: ఓ.ఆర్.ఎం. ద్వారా పిలిచే విధానం

భూసార పరీక్ష ఫలితాన్ని ఎరువుల మోతాదుగా మార్చే పనిని ఒకప్పుడు ప్రయోగశాలలోనే కాగితంపై చేసేవారము. 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో నేల ఆరోగ్య పత్రాల పథకం ప్రారంభమైన తరువాత ఒక్కొక్క నమూనాకు 12 అంశాలు నమోదు చేయవలసి రావడంతో ఈ పని దాదాపుగా కంప్యూటరుకే చేరినది. సస్యశాస్త్ర విభాగంలోని వారికి డేటాబేసుతో పనేమిటని కొందరు అడుగుతుంటారు. మోతాదును నిర్ణయించే సూత్రం మనదైనప్పుడు, అది ఎక్కడ ఉన్నదో, దానిని ఎవరు ఎలా పిలుస్తున్నారో తెలుసుకొనడం కూడా మన పనే.

ఒక సరళమైన ఉదాహరణ తీసుకొందాము. నేలలో లభ్య నత్రజని హెక్టారుకు 280 కిలోల కంటె తక్కువైతే తక్కువ వర్గమని, 280 నుండి 560 వరకు మధ్యస్థమని, అంతకు మించితే ఎక్కువ అని వర్గీకరిస్తాము. తక్కువ వర్గంలో సాధారణ సిఫారసుకు 30 శాతం కలిపి, ఎక్కువ వర్గంలో 30 శాతం తగ్గించి చెప్పడం మనకు వాడుక. సాధారణ మోతాదు 120 కిలోలనుకొంటే తక్కువ వర్గానికి 156, ఎక్కువ వర్గానికి 84 కిలోలు వస్తాయి. ఈ సూత్రం ప్రయోగశాల నమోదు ప్రోగ్రాములో ఒకసారి, పత్రాలు ముద్రించే ప్రోగ్రాములో మరొకసారి, క్షేత్ర సిబ్బంది మొబైలు యాప్‌లో ఇంకొకసారి వ్రాసి ఉంటే, ఒకచోట సవరించి మరొకచోట మరచిపోవడం ఖాయం. అందుకే దానిని డేటాబేసులోనే ఒక స్టోర్డ్ ప్రొసీజరుగా భద్రపరచి, అన్ని ప్రోగ్రాములూ దానినే పిలిచేటట్లు ఏర్పాటు చేయడం మేలు.

ఇక ఓ.ఆర్.ఎం. సంగతి. పట్టికలోని ఒక్కొక్క వరుసను ప్రోగ్రాములో ఒక్కొక్క ఆబ్జెక్టుగా చూపే మధ్యవర్తి ఇది. జావాలో హైబర్నేట్, పైథాన్‌లో ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ, జాంగోలోని ఓ.ఆర్.ఎం. ఇందుకు ఉదాహరణలు. ‘నమూనా’ అనే ఆబ్జెక్టులో నత్రజని విలువను మార్చితే, తగిన అప్‌డేట్ ఆజ్ఞను అదే తయారుచేసి పంపుతుంది. కాని ప్రొసీజరు పట్టిక కాదు, వరుస కాదు. అది ఒక క్రియ. దానికి సరిపోయే ఆబ్జెక్టు ఓ.ఆర్.ఎం. వద్ద ఉండదు. కాబట్టి ప్రతి ఓ.ఆర్.ఎం. దీనికి ఒక ప్రక్కదారిని ఇస్తుంది. జావా పర్సిస్టెన్స్ ప్రమాణంలో 2013 నాటి 2.1 సంచికతో ప్రొసీజర్లను పేరుతో నమోదు చేసి, ఏ పరామితి లోనికి పోయేది, ఏది వెలుపలికి వచ్చేది అని ప్రకటించే వీలు కలిగినది. జాంగోలో కర్సరు తెరచి కాల్‌ప్రాక్ అనే పద్ధతితో పిలవాలి. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీలో ‘కాల్’ ఆజ్ఞను పాఠ్యంగా వ్రాసి, విలువలను బంధిత పరామితులుగా అందించాలి. విలువలను ఆ పాఠ్యంలోనే అతికించడం ఎన్నడూ తగదు.

పోస్ట్‌గ్రెస్ వాడేవారు ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. 2018లో వచ్చిన 11వ సంచిక వరకు అందులో ఫంక్షన్లు మాత్రమే ఉండేవి. వాటిని సెలెక్ట్ ద్వారా పిలుస్తారు. ఆ సంచికతో వచ్చిన ప్రొసీజర్లను కాల్ ద్వారానే పిలవాలి. పైథాన్ వారి సైకోపీజీ2లోని కాల్‌ప్రాక్ లోలోపల సెలెక్ట్‌నే పంపుతుంది గనుక, దానితో నిజమైన ప్రొసీజరును పిలిస్తే దోషం చూపుతుంది. పేరు చూసి మోసపోయే చోటు ఇది. విద్యార్థులు దీని దగ్గర గంటల తరబడి ఆగిపోవడం చూశాను.

అయితే దోషం చూపి ఆగిపోయే తప్పు అంత ప్రమాదకరం కాదు. నిశ్శబ్దంగా సాగిపోయేదే ప్రమాదం. నా పర్యవేక్షణలో ఒక విద్యార్థి తయారుచేసిన ప్రోగ్రాములో ఇదే జరిగినది. ఒక నమూనాకు నత్రజని 317కు బదులు 217 అని పొరపాటున నమోదై, 156 కిలోల మోతాదు లెక్కకట్టబడినది. తరువాత విలువను సరిదిద్ది, ప్రొసీజరును మళ్ళీ పిలిచి, పత్రం ముద్రించారు. పత్రంపై నత్రజని 317 అని సరిగానే ఉన్నది. మోతాదు మాత్రం 156గానే ఉన్నది. డేటాబేసులో చూస్తే 120 కనిపించినది! పత్రం రైతుకు చేరకముందే ఒక విస్తరణ శాస్త్రవేత్త ఈ రెండు అంకెలకు పొంతన లేదని గుర్తించారు. తేడా 36 కిలోల నత్రజని, అనగా సుమారు 78 కిలోల యూరియా. 45 కిలోల బస్తాలలో దాదాపు ఒకటిముప్పావు. వరిలో అదనపు నత్రజని ఖర్చుతో పోదు, దోమపోటునూ పైరు పడిపోవడాన్నీ కూడా వెంట తెస్తుంది.

కారణం ఓ.ఆర్.ఎం. స్వభావంలోనే ఉన్నది. ఒక సెషన్‌లో ఒక వరుసకు ఒకే ఆబ్జెక్టు ఉంటుంది. ప్రొసీజరు డేటాబేసు లోపల వరుసను మార్చినప్పుడు ఆ వార్త ఆబ్జెక్టుకు అందదు. మళ్ళీ ప్రశ్న పంపి కొత్త వరుస తెచ్చినా, అప్పటికే సెషన్‌లో ఉన్న ఆబ్జెక్టులోని విలువలపై ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ వాటిని వ్రాయదు. సాధారణంగా కమిట్ కాగానే పాత విలువలు చెల్లనివిగా గుర్తించబడి, తిరిగి చదవబడతాయి. మా విద్యార్థి వేగం కోసం ఆ ఏర్పాటును తీసివేసి ఉన్నాడు.

కాబట్టి వరుసక్రమం ఇలా ఉండాలి. ముందుగా ఫ్లష్ చేసి, ఆబ్జెక్టులోని మార్పులను డేటాబేసుకు పంపాలి. పాఠ్యంగా వ్రాసిన ఆజ్ఞకు ముందు ఈ పని దానంతట అది జరుగుతుందని నమ్మరాదు. జరగకపోతే ప్రొసీజరు పాత 217నే చదువుతుంది. తరువాత ప్రొసీజరును పిలవాలి. పిమ్మట ఆ ఆబ్జెక్టును రిఫ్రెష్ చేయాలి. చివరకు కమిట్. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ 2.0లో కమిట్ మరచిపోతే ప్రొసీజరు చేసినదంతా సెషన్ ముగియగానే రద్దవుతుంది.

ప్రొసీజరు లోపలనే కమిట్ వ్రాయడం గురించి ఒక మాట. వేల నమూనాలను విడతలుగా తిరిగి లెక్కకట్టేటప్పుడు అది అవసరం కావచ్చు. కాని ఓ.ఆర్.ఎం. ముందే ఒక లావాదేవీని తెరచి ఉంచుతుంది; దాని లోపల నుండి పిలిచిన ప్రొసీజరు కమిట్ చేయబోతే పోస్ట్‌గ్రెస్ అంగీకరించదు. అట్టివాటిని ఆటోకమిట్ స్థితిలో ఉన్న వేరే అనుసంధానం ద్వారా పిలవాలి. ఒక్కొక్క నమూనాకు పనిచేసే ప్రొసీజరులో కమిట్ లేకుండా ఉండడమే నా అభిమతం. ఎప్పుడు ఖాయం చేయాలో పిలిచినవారే నిర్ణయించాలి.

సూత్రాన్ని డేటాబేసులో దాచితే అది కంటికి కనబడదన్న అభ్యంతరం న్యాయమైనదే. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీతో వాడే అలెంబిక్ పట్టికల మార్పులను తానే కనిపెడుతుంది కాని ప్రొసీజర్లను పట్టించుకొనదు. అందువలన ప్రొసీజరు పాఠాన్ని చేతితో మైగ్రేషన్ దస్త్రంలో చేర్చి, ప్రోగ్రాముతో పాటే భద్రపరచాలి. మా విభాగంలో ఇప్పుడు సూత్రంలో ఏ మార్పు చేసినా 279, 280, 560, 561 అనే నాలుగు విలువలను ఒకే సెషన్‌లో, ఒకే నమూనాపై, ఒకదాని తరువాత ఒకటి నమోదు చేయించి, ముద్రించిన పత్రాన్నే చూస్తాము. 156, 120, 120, 84 వరుసగా రావాలి.