ఆర్పీజీ కొనే ముందు మాడ్‌ల సంగతి చూడాలా? ఈ రికార్డులు చదవండి

2012 ఆగస్టులో 'డార్క్ సోల్స్' పీసీకి వచ్చింది. కన్సోళ్ల మీద అప్పటికే గొప్ప పేరు తెచ్చుకున్న ఆట అది. పీసీలో మాత్రం మానిటర్ ఎంత మంచిదైనా సరే, ఆట లోపల బొమ్మను 1024×720 పిక్సెళ్లలోనే గీసి, దాన్నే సాగదీసి తెరంతా పరిచేది. దాంతో అంతా మసకమసకగా కనిపించేది. ఆస్ట్రియాకు చెందిన ప్రోగ్రామర్ పీటర్ థోమన్ ఈ సంగతి ముందే పసిగట్టి కాచుకుని ఉన్నారు. ఆట తెరుచుకున్న 23 నిమిషాల్లోనే విరుగుడు ఫైలును నెట్‌లో పెట్టేశారు. దాన్ని ఆట ఫోల్డర్‌లో వేస్తే చాలు. ఆటకూ గ్రాఫిక్స్ వ్యవస్థకూ నడుమ కూర్చుని, ఆట 1024×720 అని అడిగిన ప్రతిసారీ మనం రాసిపెట్టుకున్న కొలతను అందించేది. డీఎస్‌ఫిక్స్ అనే ఈ చిన్న ఫైలు లేకుండా పీసీలో డార్క్ సోల్స్ ఆడొద్దని కొత్తవాళ్లకు పాతవాళ్లు చెప్పేవారు.

కంపెనీ కాకుండా ఆడేవాళ్లే తయారుచేసి ఆటకు జోడించే ఇలాంటి మార్పులనే మాడ్‌లు అంటారు. వందల గంటలు నడిచే రోల్ ప్లేయింగ్ గేమ్‌లలో, అంటే ఆర్పీజీల్లో, వీటి జోరు ఎక్కువ. కొనేటప్పుడు మాడ్‌ల సౌకర్యం ఉందా లేదా అని చూడాలా అన్నది చాలామందికి వచ్చే సందేహం. చూడాలనే నేనంటాను. కొన్ని ఆటల విషయంలో అయితే ధర కన్నా ముందు చూడాల్సింది అదే. కాకపోతే 'మాడ్‌లు ఉన్నాయి' అన్న మాటలో చాలా తేడాలు దాగి ఉంటాయి. ఆ తేడాలు ఈ రికార్డుల్లో బాగా కనిపిస్తాయి.

ఆట కన్నా ముందే పుట్టిన మాడ్

బెథెస్డా కంపెనీ 'మారోవిండ్' 2002 మే నెలలో విడుదలైంది. దాని కోసం 'టామ్రియెల్ రీబిల్ట్' అనే మాడ్ పని 2001లోనే మొదలైంది! ఆటలో మనకు కనిపించేది మారోవిండ్ దేశంలోని ఒక ద్వీపం మాత్రమే. మిగతా భూభాగమంతా మేమే కడతామని అభిమానులు ముందుకొచ్చారు. అప్పుడు మొదలుపెట్టిన పని ఇప్పటికీ నడుస్తూనే ఉంది. తరాలు మారినా ఊళ్లు, దారులు, కథలు విడతలవారీగా వచ్చి చేరుతున్నాయి. దీనికి అసలు కారణం కంపెనీయే. పీసీ డిస్కుతో పాటు కన్‌స్ట్రక్షన్ సెట్ అనే ఉపకరణాన్నీ ఇచ్చింది. ఊరిని కట్టడం, మనుషులను నిలబెట్టడం, వాళ్లకు మాటలు రాయడం అన్నీ అందులోనే చేసుకోవచ్చు. అదే ఏడాది ఎక్స్‌బాక్స్ మీద ఇదే ఆట కొన్నవాళ్లకు ఆ ఉపకరణమూ లేదు, ఆ మాడ్‌లూ లేవు.

కంపెనీ మూతపడ్డా ఆగని మరమ్మతు

మాడ్‌ల విలువ ఏమిటో తెలియాలంటే 'వాంపైర్: ది మాస్కరేడ్ – బ్లడ్‌లైన్స్' కథ తెలుసుకోవాలి. 2004 నవంబర్ 16న, సరిగ్గా 'హాఫ్-లైఫ్ 2' అనే పెద్ద ఆట వచ్చిన రోజునే, ఇది విడుదలైంది. కథ అద్భుతం, లోపాలు కోకొల్లలు. నాలుగు నెలలు తిరగకుండానే, 2005 ఫిబ్రవరిలో, దాన్ని తయారుచేసిన ట్రోయికా గేమ్స్ మూతపడింది. లోపాలను దిద్దే దిక్కు లేకుండా పోయింది. ఆ సమయంలో జర్మనీకి చెందిన రసాయన శాస్త్రవేత్త వెర్నర్ స్పాల్ అనధికారిక ప్యాచ్ బాధ్యతను తలకెత్తుకున్నారు. ఒకటీ రెండూ కాదు, ఇరవై ఏళ్ల పాటు దాన్ని దిద్దుతూ వచ్చారు. అందులో రెండు రకాలు పెట్టడం నాకు బాగా నచ్చిన విషయం. మొదటిది లోపాలను మాత్రమే సరిచేస్తుంది. రెండోది డిస్కులో దాగి ఉన్న భాగాలను కూడా బయటికి తెస్తుంది. అసలు ఆట ఎలా ఉందో అలాగే చూడాలనుకునేవారి మాటనూ గౌరవించినట్టయింది. జీఓజీ అంగడిలో ఇప్పుడు ఈ ఆట ఆ ప్యాచ్‌తోనే అమ్ముడవుతోంది. బ్లడ్‌లైన్స్ విషయంలో ఆట కొంటున్నామంటే ఆ ప్యాచ్‌ను నమ్మి కొంటున్నట్టే.

ఇస్తామని చెప్పి ఇవ్వనిది

ఇదే 2004లో వచ్చిన ఇంకో ఆటది మరింత చిత్రమైన కథ. 'స్టార్ వార్స్: నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ 2'ను అబ్సిడియన్ కంపెనీ డిసెంబర్ పండగ అమ్మకాలకు అందేలా హడావిడిగా ముగించాల్సి వచ్చింది. చివరి భాగం కుదించుకుపోయింది. రోబోలు తయారయ్యే ఒక ఫ్యాక్టరీ కథ మొత్తం ఎగిరిపోయింది. కానీ నటులు చెప్పిన సంభాషణలు, రాసిన సన్నివేశాల ముక్కలు చాలావరకు డిస్కులో అలాగే మిగిలిపోయాయి. అభిమానులు వాటిని ఒక్కొక్కటిగా వెలికితీసి, ఏ మాట తర్వాత ఏ మాట రావాలో పోల్చుకుని, తెగిన చోట అతికి, ఏళ్ల తరబడి శ్రమించి 'రెస్టోర్డ్ కంటెంట్' మాడ్‌ను తయారుచేశారు. పీసీలో దాన్ని ఉచితంగా వేసుకోవచ్చు.

2022 జూన్‌లో ఆస్పైర్ కంపెనీ ఈ ఆటను నింటెండో స్విచ్‌కు తెచ్చింది. తర్వాత ఇదే మాడ్‌ను ఉచితంగా జోడిస్తామని ప్రచారంలో చెప్పింది. ఆ మాట నమ్మి కొన్నవాళ్లు ఏడాది పాటు ఎదురుచూశారు. 2023 జూన్‌లో, అది రావడం లేదని కంపెనీ ప్రకటించి, బదులుగా వేరే ఆట ఉచితంగా ఇస్తామంది. కొనుగోలుదారులు కోర్టుకెక్కారు. మాడ్ ఇస్తామన్న హామీ నెరవేరలేదని కేసు దాకా వెళ్లిన ఆట బహుశా ఇదొక్కటే. ఒకే ఆట పీసీలో పూర్తిగా దొరుకుతుంది, స్విచ్‌లో అరకొరగా దొరుకుతుంది. 'రాబోయే' మాడ్‌ను చూసి డబ్బు పెట్టకూడదని నేను గట్టిగా అనడానికి కారణం ఇదే.

మాడ్‌కు రచయితల సంఘం పురస్కారం

2011 నవంబర్ 11న వచ్చిన బెథెస్డా ఆట 'స్కైరిమ్' దగ్గరికి వస్తే రికార్డులకు కొదవే లేదు. దాని స్పెషల్ ఎడిషన్‌కు నెక్సస్ మాడ్స్ అనే సైట్‌లో చేరిన మాడ్‌లు లక్ష దాటాయి. డ్రాగన్ స్థానంలో పిల్లల బొమ్మల రైలు థామస్ కూత వేస్తూ ఆకాశంలో ఎగిరొచ్చే మాడ్ కూడా స్కైరిమ్‌కు ఉంది.

వాటన్నిటిలో నేను అన్నిటికంటే పైన పెట్టేది 'ది ఫర్గాటెన్ సిటీ'ని. న్యాయవాద వృత్తి నేపథ్యం ఉన్న ఆస్ట్రేలియా వాసి నిక్ పియర్స్ మూడేళ్ల పాటు, దాదాపు 1,700 గంటలు వెచ్చించి దీన్ని రాశారు. భూగర్భంలో ఒక నగరం. అక్కడ ఒక్కరు తప్పు చేస్తే అందరికీ చావే. కాలం వెనక్కి తిరుగుతూ ఉంటుంది, ఆ తప్పు ఎవరిదో మనం కనిపెట్టాలి. కత్తి కన్నా మాటకే ఎక్కువ పని. 2016లో దీనికి ఆస్ట్రేలియా రచయితల సంఘం పురస్కారం దక్కింది. ఒక దేశపు రచయితల సంఘం మాడ్‌కు పురస్కారం ఇవ్వడం అదే మొదటిసారి. తర్వాత ఆయన ఉద్యోగం మానేసి, రోమన్ల కాలానికి కథను మార్చి, దాన్ని విడి ఆటగా తీశారు. అది 2021 జులైలో వచ్చింది.

పందొమ్మిదేళ్ల అలెగ్జాండర్ వెలికీ 'ఫాల్‌స్కార్' అనే కొత్త ద్వీపాన్ని సృష్టించి, 2013లో విడుదల చేసి, ఆ పనినే యోగ్యతాపత్రంగా చూపి బంగీ స్టూడియోలో ఉద్యోగం సంపాదించుకున్నారు. జర్మనీ బృందం ష్యూర్‌ఏఐ స్కైరిమ్‌ను పునాదిగా చేసుకుని 'ఎండెరాల్' అనే వేరే లోకాన్నే కట్టింది. దానికి 2016 గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ అభిమాన సృష్టి బహుమతి వచ్చింది. స్కైరిమ్ ఉన్నవాళ్లకు అది ఉచితం. 2002 నాటి 'గోథిక్ 2' మీద పోలండ్ అభిమానులు 2021 డిసెంబర్‌లో ఇచ్చిన 'ఆర్కోలోస్' కూడా అంతే, ఆటంత ఆట. పాత ఆట ఒకటి తక్కువ ధరకు కొంటే దానితో పాటు మరో పూర్తి ఆట చేతికొస్తోందంటే, మాడ్‌ల సౌకర్యానికి విలువ లేదని ఎలా అనగలం?

255 గీత

లక్ష మాడ్‌లు ఉన్నాయంటే లక్షా వేసుకోవచ్చని కాదు. స్కైరిమ్‌లో ప్రతి వస్తువుకూ, ప్రతి మనిషికీ ఎనిమిది స్థానాల సంఖ్య ఉంటుంది. అందులో మొదటి రెండు స్థానాలు అది ఏ ఫైలు నుంచి వచ్చిందో చెబుతాయి. 16 గుర్తుల లెక్కలో రాసే సంఖ్య కాబట్టి ఆ రెండు స్థానాల్లో 256 ఫైళ్లకే చోటు. చివరిదాన్ని ఆట తన సొంత అవసరానికి అట్టిపెట్టుకుంటుంది. మిగిలిన 255లో అసలు ఆట ఫైళ్లకూ వాటా పోతుంది. బొమ్మల నాణ్యతను మాత్రమే పెంచే మాడ్‌లకు ఈ గొడవ లేదు. తర్వాత స్పెషల్ ఎడిషన్‌లో ఒకే స్థానాన్ని పంచుకునే తేలికపాటి ఫైళ్లు వచ్చాయి, అలాంటివి 4,096 దాకా పడతాయి. అయినా నా సలహా పదీ పదిహేనుతో మొదలుపెట్టమనే. ఏ రెండు మాడ్‌లు ఒకే వస్తువును చెరో రకంగా మార్చాయో వెతుక్కోవడం ఆట ఆడినంత సేపు పట్టొచ్చు.

నాలుగు రోజుల అంగడి

మాడ్‌లకు డబ్బు వసూలు చేసే ప్రయత్నం స్కైరిమ్‌తోనే 2015 ఏప్రిల్ 23న స్టీమ్ అనే ఆటల అంగడిలో మొదలైంది. మాడ్ తయారుచేసిన వ్యక్తికి దక్కేది ధరలో 25 శాతమే. ఆడేవాళ్లు భగ్గుమన్నారు. 27వ తేదీకల్లా స్టీమ్ నడిపే వాల్వ్, బెథెస్డా దాన్ని ఎత్తేసి డబ్బు వాపసు ఇచ్చేశాయి. డబ్బు అడగడం తప్పని నేను అనను, వేల గంటల శ్రమకు ప్రతిఫలం ఉండాల్సిందే. శ్రమ చేసినవారికి పావలా వాటా పెట్టడమే అన్యాయం.

అప్‌డేట్ పోటు

కంపెనీ ఇచ్చే అప్‌డేట్ కొన్నిసార్లు మాడ్‌ల పాలిట గండమవుతుంది. 2021 నవంబర్ 11న, పదేళ్ల పండగ సందర్భంగా వచ్చిన స్కైరిమ్ అప్‌డేట్‌తో ఎస్కేఎస్‌ఈ అనే ఆధార ఫైలు మీద నడిచే మాడ్‌లన్నీ ఒక్కసారిగా నిలిచిపోయాయి. 1.5.97 అనే పాత వెర్షన్‌ను వదలకుండా పట్టుకున్నవాళ్లు చాలామంది. 'ఫాల్అవుట్: లండన్' బృందానిదీ అదే అవస్థ. 'ఫాల్అవుట్ 4' మీద ఏళ్ల తరబడి కట్టిన ఈ లండన్ నగరం 2024 ఏప్రిల్ 23న రావాల్సి ఉంది. సరిగ్గా ఆ వారంలోనే, 25న, ఆటకు పెద్ద అప్‌డేట్ వస్తుందని కంపెనీ ప్రకటించింది. చేసిన పని దానితో పొసగదని బృందం వాయిదా వేసి, మూడు నెలల తర్వాత జులై 25న జీఓజీ ద్వారా ఉచితంగా ఇచ్చింది. అప్పటిదాకా ఆ అంగడి చరిత్రలో అంత వేగంగా జనం తీసుకున్న ఆట మరొకటి లేదు. స్టీమ్‌లో ఫాల్అవుట్ 4 కొన్నవాళ్లు మాత్రం ముందు తమ ఆటను పాత వెర్షన్‌కు దించుకోవాల్సి వచ్చింది.

ఒకే ఆట, మూడు చోట్ల మూడు రకాలు

బెథెస్డా ఆటల్లో కన్సోళ్ల మీద మాడ్‌లకు తలుపు తెరిచింది ఫాల్అవుట్ 4. 2016 మే 31న ఎక్స్‌బాక్స్ వన్‌కు, ఆ ఏడాది చివర్లో ప్లేస్టేషన్ 4కు వచ్చాయి. అయితే ప్లేస్టేషన్‌లో బయటి నుంచి కొత్త బొమ్మలు, కొత్త శబ్దాలు తేవడానికి సోనీ ఒప్పుకోలేదు. ఆటలో ఉన్న సరుకునే అటూ ఇటూ మార్చుకోవాలి. స్కైరిమ్ మాడ్‌లకు ఎక్స్‌బాక్స్‌లో 5 జీబీ చోటు ఉంటే, ప్లేస్టేషన్‌లో 1 జీబీ. పీసీలో హద్దు మీ డిస్కే. పెట్టె మీద పేరు ఒకటే, లోపల దొరికేది మూడు రకాలు.

ఈ మధ్య పరిస్థితి మెరుగవుతోంది. 'బాల్డర్స్ గేట్ 3'కు లారియన్ కంపెనీ 2024 సెప్టెంబర్‌లో ఆటలోనే మాడ్‌ల మెనూ పెట్టింది, ఆ తర్వాత కన్సోళ్లకూ తెచ్చింది. 'ది విచర్ 3'కు 2022 డిసెంబర్‌లో ఇచ్చిన ఉచిత అప్‌డేట్‌లో అభిమానుల మాడ్‌లనే ఆ ఆట కంపెనీ కలుపుకుంది. 2024 మేలో రెడ్‌కిట్ అనే మాడ్‌ల ఉపకరణాన్నీ ఉచితంగా ఇచ్చింది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 'అబ్లివియన్ రీమాస్టర్డ్'కు మాత్రం, మాడ్‌లకు పుట్టిల్లు లాంటి బెథెస్డా నుంచే వచ్చినా, అధికారిక మాడ్ సౌకర్యం లేదు. అందుకని పేరున్న కంపెనీ కదా అని ఊహించుకోవద్దు, ఆ ఆటకు ఉందో లేదో చూడండి.

మాడ్‌ల అవసరమే లేని ఆటలూ ఉన్నాయి. 'డిస్కో ఎలీసియం' లాంటి కథను తీసింది తీసినట్టు ఆడితేనే అందం. 'ఎల్డెన్ రింగ్'లో మాడ్‌లు వేసుకుని కంపెనీ సర్వర్లలోకి వెళితే ఖాతా మీద వేటు పడొచ్చు. ఆన్‌లైన్ ఆర్పీజీలు కొనేవాళ్లు మాడ్‌ల ఊసు పక్కన పెట్టేయడమే మేలు.

మీరు కొనబోయేది బెథెస్డా పాత ఆటలో, బ్లడ్‌లైన్స్, ఓల్డ్ రిపబ్లిక్ 2 లాంటివో అయితే, పీసీ ఉంటే పీసీకే కొనండి. మీకు కావలసిన మాడ్ ఇప్పటికే విడుదలైందా, ఏ వెర్షన్‌కు పనిచేస్తుంది, అదనపు భాగాలన్నీ కొనాలా అన్నవి ముందే చూసుకోండి. ఫాల్అవుట్: లండన్‌కు అవన్నీ కావాలి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. కాబట్టి కొన్న రోజే మాడ్ వేసి, ఆట మీ కంప్యూటర్‌లో నడుస్తోందో లేదో ఆ రెండు గంటల్లోనే తేల్చుకోండి.